రేపు ఆర్‌వీ చేతికొస్తోంది, మొదటి రోజే 420 కిలోమీటర్లు పోవచ్చా?

ఇల్లుచక్రాలమీద | గురువారం, రాత్రి 8.50

అందరికీ నమస్కారం. రేపు మధ్యాహ్నం 2 గంటలకు అద్దె ఆర్‌వీ, అంటే పడకలు, వంటగది, టాయిలెట్ అన్నీ లోపలే ఉండే బండి, తీసుకుంటున్నాం. క్లాస్ సి, 28 అడుగుల బండి. మేమిద్దరం, పిల్లలిద్దరు, మా అత్తగారు. ఇంట్లో ఎవరూ ఇంతవరకు కారు కంటే పెద్దది నడపలేదు. క్యాంప్‌గ్రౌండ్ కొండల్లో, 420 కిలోమీటర్ల దూరంలో ఉంది. మ్యాప్ నాలుగున్నర గంటలు అంటోంది. మూడింటికి బయల్దేరితే ఏడున్నరకి చేరిపోతాం అని మా ఆయన లెక్క. నాకు మాత్రం ఎందుకో టెన్షన్‌గా ఉంది. నడిపినవాళ్ళు చెప్పండి.

టెంటుమామ | రాత్రి 9.05

మీ టెన్షనే కరెక్టమ్మా.

2 గంటలకు బండి అంటే 2కి తాళాలిస్తారని కాదు. ముందు సంతకాలు, తర్వాత బండి మొత్తం తిప్పి చూపించడం, ఆ తర్వాత మీ సామాను కార్లోంచి దీన్లోకి ఎక్కించడం. నాలుగు దాటుతుంది. ఇక మ్యాప్ చెప్పే నాలుగున్నర గంటలు కారుకి. ఆర్‌వీకి దానిమీద పావు వంతైనా కలుపుకోవాలి, కొండదారైతే ఇంకా ఎక్కువ. అంటే రాత్రి పదింటికి, చీకట్లో, ఎప్పుడూ చూడని చోట, ఆ రోజే చేతికొచ్చిన 28 అడుగుల బండిని చెట్ల మధ్యకి రివర్స్ చేయాలి. అత్తగారు లోపల కూర్చుని చూస్తుంటారు. మీ ఆయన్ని ఈ ఒక్క దృశ్యం ఊహించుకోమనండి.

మొదటి రాత్రికి గంట దూరంలో ఎక్కడైనా ఆగండి. మొదటి రోజు బండి నేర్చుకోవడానికి, ఊళ్ళు దాటడానికి కాదు.

గేరుమార్చు | రాత్రి 9.20

మామ గారు అందరినీ పొలిమేరలోనే ఆపేస్తారు. సెలవులు తక్కువున్నవాళ్ళు మొదటి రోజు గంట దూరంలో ఆగిపోతే ఇక చూసేదెప్పుడు? క్లాస్ సి అంటే వ్యాన్ ఛాసీ మీద కట్టిన బండే. స్టీరింగు, పెడల్సు అన్నీ అలవాటైనవే. నెమ్మదిగా వెళ్ళే లేన్‌లో 90 దగ్గర పెట్టుకుని పోతే హైవే మీద ఏ ఇబ్బందీ ఉండదు. పెద్ద ట్రక్కు పక్కనుంచి వెళ్ళినప్పుడు గాలికి బండి కాస్త ఊగుతుంది, కంగారుపడి స్టీరింగ్ లాగకుండా ఉంటే చాలు. ఇద్దరు మార్చిమార్చి నడిపితే 420 అసాధ్యమేమీ కాదు. రివర్స్ భయమైతే పుల్-త్రూ సైట్ అడగండి, ఇటు నుంచి లోపలికెళ్ళి అటు నుంచి బయటకొచ్చేయొచ్చు.

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటా. చీకటి పడకముందే చేరాలి.

టెంటుమామ | రాత్రి 9.24

నాలుగింటికి బయల్దేరి, కొండల్లో 420 కిలోమీటర్లు, చీకటి పడకముందే. ఏ గ్రహం మీద బాబూ?

వెన్నెలక్యాంపు | రాత్రి 9.41

ఆర్‌వీల వాళ్ళలో 3-3-3 అని ఒక లెక్క తిరుగుతుంటుంది. రోజుకి 300 మైళ్ళు, అంటే 480 కిలోమీటర్లు దాటొద్దు, మధ్యాహ్నం 3కల్లా చేరాలి, చేరిన చోట 3 రాత్రులు ఉండాలి. రిటైరైనవాళ్ళకు చక్కగా కుదురుతుంది. మనలాంటివాళ్ళు మూడింటిలో రెండోదాన్ని పట్టుకుంటే చాలు. వెలుతురొక్కటే కాదు కారణం. నీళ్ళు రాకపోయినా, కరెంటు రాకపోయినా అడగడానికి ఆఫీసులో ఒక మనిషి ఉండాలి. సాయంత్రం దాటితే చాలా చోట్ల ఆఫీసు మూసేసి, లేటుగా వచ్చేవాళ్ళ కాగితాలు బోర్డుకి తగిలించి ఇళ్ళకు వెళ్ళిపోతారు.

దూరం కంటే నేను అడగాలనుకున్నది ఇంకోటి. ఎవరెక్కడ కూర్చుంటున్నారు? అందరూ ఎక్కాక తేల్చుకుందాం అనుకోవద్దు. పక్కకి తిరిగుండే సోఫా హాయిగా కనిపిస్తుంది గానీ కదిలే బండిలో అది మంచి సీటు కాదు. పిల్లల కార్ సీట్లకైతే అసలు పనికిరాదు. ముందుకి చూసే, బెల్టు ఉన్న సీట్లు ఎన్నో అద్దెకిచ్చేవాళ్ళని ఇప్పుడే అడగండి. బండి కదులుతుండగా ఎవరూ లేవకూడదని కూడా ముందే చెప్పేయండి. వెనకాల టాయిలెట్ ఉందని తెలిశాక పిల్లలకి మొదటి పావుగంటలోనే అవసరం వస్తుంది, రాసిపెట్టుకోండి.

ఫ్యూజుబాబాయ్ | రాత్రి 10.02

దూరం సంగతి మీరు తేల్చుకోండి. బండి అప్పగించే ఆ గంట గురించి నేను చెప్తా.

వాళ్ళు రోజూ చెప్పే పాఠమే కాబట్టి గబగబా చెప్పేస్తారు. ఒకరు వింటూ ప్రశ్నలడగండి, ఇంకొకరు ఫోన్‌లో వీడియో తీయండి. రాత్రి ఫలానా స్విచ్ ఎక్కడుందో అని వెతుక్కునేటప్పుడు ఆ వీడియోనే దిక్కు.

ఫ్రిజ్ ఏ రకమో అడగండి. గ్యాస్ మీద, కరెంటు మీద రెండింటి మీదా నడిచేదైతే అది అబ్జార్ప్షన్ ఫ్రిజ్. కంప్రెసర్ ఉండదు, లోపల అమోనియా ద్రావణం వేడికి పైకి లేచి, తన బరువుకి తానే కిందికి పారుతుంది. అందుకే చల్లబడటానికి ఒక రాత్రంతా పడుతుంది. బండి బాగా వాలి ఆగితే పనిచేయడం మానేస్తుంది, పాడైపోయినా ఆశ్చర్యం లేదు. పొద్దున్నే ఫోన్ చేసి, ఇప్పుడే ఆన్ చేసి పెట్టండి అని అడగండి. ఇంట్లో ముందే చల్లబరిచిన వస్తువులే దాన్లో పెట్టండి.

జనరేటర్ మీ ఎదురుగా స్టార్ట్ చేయించండి. చాలా మోటార్‌హోమ్‌లలో అది బండి ట్యాంకులోని ఇంధనాన్నే తాగుతుంది, కానీ ట్యాంకు పావు వంతుకి దిగగానే ఆగిపోతుంది. జనరేటర్ వాడుకుని రోడ్డు మీద ఇరుక్కుపోకూడదని అలా పెడతారు. ఇది తెలియక జనరేటర్ చెడిపోయిందని ఫోన్లు చేస్తుంటారు.

గ్యాస్ సిలిండర్ వాల్వు ఎక్కడుందో చేత్తో తిప్పి చూడండి. ఇంధనం పోయించుకునే చోట అది ఆఫ్‌లో ఉండాలి.

ఇక ఎత్తు. పైన ఏసీతో కలిపి ఎంతో అడిగి, పెద్ద అక్షరాల్లో రాసి స్టీరింగ్ పక్కన అంటించండి. క్లాస్ సి బళ్ళు ఇంచుమించు 3 నుంచి 3.7 మీటర్ల దాకా ఉంటాయి. ఫోన్‌లోని మామూలు మ్యాప్‌కి మీరు నడిపేది కారో ఆర్‌వీయో తెలియదు, తక్కువ ఎత్తు వంతెన కిందికి నిక్షేపంగా తీసుకెళ్తుంది.

గేరుమార్చు | రాత్రి 10.15

ఎత్తు సరే, పొడవు సంగతి కూడా చెప్పాలి. మొదటి రోజు బండికి గీతలు పడేది హైవే మీద కాదు, పెట్రోల్ బంకులో. వెనక చక్రాల తర్వాత ఇంకా రెండు మీటర్ల పైన బాడీ ఉంటుంది. మీరు స్టీరింగ్ ఎడమకి తిప్పితే ఆ తోక కుడికి ఊడ్చుకుంటూ పోతుంది. పంపు పక్కనుంచి కదిలేటప్పుడు తోక మొత్తం పంపుని దాటేదాకా తిన్నగా పోండి, ఆ తర్వాతే తిప్పండి. మలుపుల్లో ఇంకో చిక్కు. వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలి వైపు కోసుకుంటూ వచ్చి ఫుట్‌పాత్ ఎక్కుతాయి. కాబట్టి మలుపులోకి మామూలు కంటే కాస్త ముందుకెళ్ళి తిరగాలి.

ఖాళీ పార్కింగ్ స్థలం కనిపిస్తే అరగంట అక్కడ గడపండి. ఒకరు నడపడం, ఒకరు బయట నిలబడి తోక ఎటు పోతోందో చూడటం. దూరం విషయంలో నా మాట వినకపోయినా ఇది వినండి.

కిటికీసీటు | రాత్రి 10.31

ఇన్ని తలనొప్పులు పడే బదులు టెంటు వేసుకుంటే పోలా?

మోడరేటర్ | రాత్రి 10.40

టెంటా, ఆర్‌వీయా అనే గొడవకి వేరే థ్రెడ్ ఉంది, ఆరిపోకుండా మండుతూనే ఉంది. ఇక్కడ వద్దు.

ఇల్లుచక్రాలమీద | రాత్రి 11.10

అందరికీ థ్యాంక్స్. మా ఆయనకి మొత్తం చదివి వినిపించాను. గేరుమార్చు గారి మొదటి పోస్టు రెండుసార్లు చదివించుకున్నారు. ఆఖరికి అత్తగారు "నేను చీకట్లో కొండ ఎక్కను" అనడంతో తేలిపోయింది. కొండల్లో బుకింగ్ ఒక రోజు వెనక్కి జరిపాం. రేపటికి 70 కిలోమీటర్ల దూరంలో చెరువు పక్కన చోటు దొరికింది. కరెంటు, నీళ్ళు ఉన్నాయి. పుల్-త్రూ లేదు, రివర్స్ చేయాల్సిందే.

వెన్నెలక్యాంపు | రాత్రి 11.22

మంచి పని. రివర్స్‌కి ఒక్కటే సూత్రం: బయట నిలబడినవాళ్ళు డ్రైవర్‌కి అద్దంలో కనిపించాలి. కనిపించలేదంటే బండి ఆగాలి. అరుపులు వద్దు, ఫోన్ కలుపుకుని స్పీకర్‌లో మాట్లాడుకోండి. "కొంచెం అటు" అంటే ఎవరికీ అర్థం కాదు, "తోక చెట్టు వైపు" అనండి. కరెంటు పెట్టె, నీళ్ళ కొళాయి మామూలుగా డ్రైవర్ వైపు, వెనక భాగానికి దగ్గర్లో పడేలా ఉంటాయి. వెనక్కి వెళ్ళేముందు దిగి ఒకసారి చుట్టూ నడవండి. తలెత్తి కొమ్మలు కూడా చూడండి, అందరూ నేలే చూస్తారు.

ఇల్లుచక్రాలమీద | శుక్రవారం, సాయంత్రం 4.35

తాళాలు ఇప్పుడే చేతికొచ్చాయి. వీడియో 38 నిమిషాలు వచ్చింది. ఫ్రిజ్ పొద్దున్నే ఆన్ చేసి ఉంచారు, బాబాయ్ గారికి దండం. ఎత్తు 3.4 మీటర్లు.

టెంటుమామ | సాయంత్రం 4.37

4.35. నేనేమీ అనడం లేదు.

ఇల్లుచక్రాలమీద | సాయంత్రం 6.40

చేరాం! దారిలో గిన్నెలు, ఓవెన్‌లోని పళ్ళేలు, తలుపుల గొళ్ళాలు అన్నీ కలిసి చేసిన చప్పుడుకి బండి విడిపోతోందేమో అనుకున్నాం. మధ్యలో ఆగి వాటి మధ్య తువ్వాళ్ళు కుక్కాం. రివర్స్‌కి పదిహేను నిమిషాలు పట్టింది గానీ ఎక్కడా తగల్లేదు. ఇప్పుడు సందేహం: బండి ఒక పక్కకి వాలినట్టుంది. ఎంత వాలితే పరవాలేదు? స్లైడ్-అవుట్ (గోడ బయటికి జరిగి లోపల చోటు పెరిగే భాగం) ముందు తెరిచేయొచ్చా? పిల్లలు ఆగడం లేదు.

ఫ్యూజుబాబాయ్ | సాయంత్రం 6.46

ముందు లెవెల్, ఆ తర్వాతే స్లైడ్-అవుట్. వాలిన బండిలో స్లైడ్ తెరిస్తే దాని పట్టాల మీద బరువు వంకరగా పడుతుంది. ఫోన్‌లో లెవెల్ చూపించే యాప్ ఉంటుంది, నేల మీద పెట్టి చూడండి. పడుకుంటే తల కిందికి జారినట్టు లేకపోతే మనకి చాలు, ఫ్రిజ్‌కీ చాలు. ప్లాస్టిక్ దిమ్మలు ఇచ్చి ఉంటారు. కిందికున్న వైపు చక్రాల ముందు పేర్చి, మెల్లగా వాటి మీదికి ఎక్కించండి. వెనక జంట టైర్లుంటే దిమ్మలు రెండింటి కిందా పడాలి. ఎక్కాక హ్యాండ్‌బ్రేక్, చక్రాలకి అడ్డాలు. అప్పుడు స్లైడ్. తెరిచేముందు బయట కరెంటు పెట్టె గానీ చెట్టు గానీ అడ్డుందేమో, లోపల అల్మరా తలుపులు మూసున్నాయో లేదో చూడండి.

ఇల్లుచక్రాలమీద | రాత్రి 7.25

లెవెల్ అయింది, స్లైడ్ తెరిచాం. నీళ్ళ పైపు తగిలించాం. ఇప్పుడు కొళాయిలో చుక్క రావడం లేదు, బండి కింద మాత్రం నీళ్ళు ధారగా కారుతున్నాయి. పైపు పగిలిందా? ఎమర్జెన్సీ నంబర్‌కి ఫోన్ చేయమంటారా?

టెంటుమామ | రాత్రి 7.27

ముందు బయట కొళాయి కట్టేయండి. పైపు తగిలించిన చోట ఒక తిప్పుడు వాల్వు ఉంటుంది. అది ఎటుందో చూసి చెప్పండి.

ఇల్లుచక్రాలమీద | రాత్రి 7.31

"ట్యాంక్ ఫిల్" అని ఉన్న వైపుంది.

టెంటుమామ | రాత్రి 7.33

ఏమీ పగల్లేదు. వచ్చిన నీళ్ళన్నీ ట్యాంకులోకి పోయాయి. ట్యాంకు నిండి, ఎక్కువైనవి ఓవర్‌ఫ్లో గొట్టంలోంచి కింద పడుతున్నాయి. వాల్వు "సిటీ వాటర్" వైపు తిప్పి మళ్ళీ తెరవండి. అలా ఉన్నప్పుడు నీటి పంపు స్విచ్ అక్కర్లేదు, ఆపేయండి. కొళాయికీ పైపుకీ మధ్య ప్రెషర్ రెగ్యులేటర్ పెట్టారు కదా? కొన్ని చోట్ల నీటి ఒత్తిడి బండి లోపలి పైపులు తట్టుకునేదాని కంటే ఎక్కువుంటుంది.

రేపు కొండ ఎక్కేముందు ఆ ట్యాంకు కొంత ఖాళీ చేసుకోండి. లీటరు నీళ్ళు కిలో బరువు. 150 లీటర్లంటే ఇద్దరు పెద్దవాళ్ళని ఊరికే మోసుకెళ్ళినట్టు.

ఇల్లుచక్రాలమీద | రాత్రి 7.40

వచ్చాయి! రెగ్యులేటర్ ఉంది. అత్తగారు మిమ్మల్ని చల్లగా ఉండమంటున్నారు.

ఇల్లుచక్రాలమీద | రాత్రి 8.12

మళ్ళీ నేనే. మైక్రోవేవ్ ఆన్ చేయగానే ఏసీ, మైక్రోవేవ్ రెండూ ఆగిపోయాయి. కానీ లైట్లు వెలుగుతున్నాయి, కొళాయి నీళ్ళూ వస్తున్నాయి. కరెంటు ఉన్నట్టా, పోయినట్టా?

ఫ్యూజుబాబాయ్ | రాత్రి 8.19

ఇంతసేపూ ఈ ప్రశ్న కోసమే కూర్చున్నా.

మీ బండిలో రెండు కరెంట్లున్నాయి. లైట్లు, నీటి పంపు, హీటర్ ఫ్యాను, స్లైడ్ మోటారు ఇవన్నీ 12 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తాయి. ఏసీ, మైక్రోవేవ్, గోడ ప్లగ్గులు బయటి కరెంటు మీదో, జనరేటర్ మీదో మాత్రమే. పోయింది రెండోదొక్కటే.

మీ ప్లగ్గుకి మూడు పుల్లలుంటే అది ఉత్తర అమెరికాలో వాడే 30 ఆంప్స్, 120 వోల్టుల కనెక్షన్. గుణిస్తే 3,600 వాట్లు, బండి మొత్తానికీ అంతే. ఏసీ సుమారు 1,500 తింటుంది, మైక్రోవేవ్ ఇంకో 1,400 దాకా. ఇవి రెండే అయితే సరిపోవాలి. వాటర్ హీటర్ కరెంటు మీద పెట్టి ఉంటారు, అది మరో 1,400. అందుకే బ్రేకర్ పడింది. హీటర్‌ని గ్యాస్ మీదికి మార్చండి. తర్వాత బ్రేకర్‌ని పూర్తిగా ఆఫ్ వైపు నొక్కి అప్పుడు ఆన్ చేయండి, మధ్యలో ఆగిన బ్రేకర్ చూడటానికి ఆన్‌లో ఉన్నట్టే కనిపిస్తుంది. లోపల అన్నీ ఆన్‌లోనే ఉంటే బయట పెట్టెలోది చూడండి. రేపు ప్లగ్గు పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ ఆ బయటి బ్రేకర్ ఆపేశాకే ముట్టుకోండి.

ఒక హెచ్చరిక. ఏ హీటర్‌నైనా దాని ట్యాంకులో నీళ్ళున్నాయని తేలాకే ఆన్ చేయాలి. వేడినీళ్ళ కొళాయి తిప్పితే ధార ఆగకుండా రావాలి. ఖాళీ ట్యాంకులో కరెంటు కాయిల్ క్షణాల్లో మాడిపోతుంది.

కిటికీసీటు | రాత్రి 8.30

యూరప్ క్యాంపుల్లో 6 ఆంప్స్ ఇస్తామంటారు, అది సరిపోతుందా బాబాయ్?

ఫ్యూజుబాబాయ్ | రాత్రి 8.34

అక్కడ 230 వోల్టులు కాబట్టి 1,380 వాట్లు. ఫ్రిజ్‌కీ ఛార్జర్లకీ చాలు. కరెంటు కెటిల్ పెడితే మాత్రం చీకటే.

ఇల్లుచక్రాలమీద | రాత్రి 8.41

హీటర్ సంగతి నిజమే, కరెంటు మీదే ఉంది. మార్చాం, అన్నీ వచ్చాయి. స్నానాలకి వేడినీళ్ళు ఐదుగురికీ సరిపోతాయా?

వెన్నెలక్యాంపు | రాత్రి 8.50

ఆ హీటర్లో మామూలుగా ఇరవై పైచిలుకు లీటర్లే ఉంటాయి. తడుపుకుని, కట్టేసి, సబ్బు రాసుకుని, మళ్ళీ తెరిస్తే సరిపోతాయి. లేకపోతే క్యాంప్‌గ్రౌండ్ బాత్రూమ్‌కి వెళ్ళడం నయం. అత్తగారిని ముందు పంపండి.

టాయిలెట్ ఎవరూ వాడకముందే నల్ల ట్యాంకులో, అంటే టాయిలెట్ మురుగు చేరే ట్యాంకులో, కొన్ని లీటర్ల నీళ్ళు పోసి, వాళ్ళిచ్చిన మందు వేయండి. కింద వాల్వు మూసే ఉండాలి. మురుగు పైపు తగిలించి వాల్వు తెరిచి వదిలేస్తే నీళ్ళు పోయి గట్టిదంతా అడుగున పేరుకుపోతుంది. ఆ తర్వాత దాన్ని కదిలించడం ఎవరి తరం కాదు.

గేరుమార్చు | రాత్రి 9.35

రేపటికి ఒక ముక్క. కొండ దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టి అలాగే ఉంచకండి, వేడెక్కి పట్టు తప్పుతాయి. పైనుండగానే తక్కువ గేరులోకి మార్చి ఇంజనుతోనే వేగం ఆపండి. టో-హాల్ (బరువు లాగేటప్పుడు వాడేది) అనే బటన్ ఉంటే నొక్కండి, గేర్లు అదే చూసుకుంటుంది. ఏ గేరులో ఎక్కారో ఇంచుమించు అదే గేరులో దిగాలి. వెనక కార్లు బారులు తీరితే సిగ్గుపడకుండా పక్కకి ఆగి దారివ్వండి.

ఇల్లుచక్రాలమీద | రాత్రి 10.05

పిల్లలు డ్రైవర్ సీటు పైనున్న పడక కోసం కొట్టుకుని ఇద్దరూ అక్కడే పడుకున్నారు. బయట ఆనింగ్ (బండి పక్కకి చాచే నీడ పందిరి) తెరిచే ఉంది, అలాగే ఉంచొచ్చా? ఇంకోటి, నేల దగ్గర గోడకి చిన్న పచ్చ లైటు వెలుగుతోంది, ఏమిటది?

టెంటుమామ | రాత్రి 10.11

ఆనింగ్ ఇప్పుడే చుట్టేయండి. నిద్రపోయాక గాలి లేస్తే చేతులు విరుగుతాయి, మీవి కాదు, దానివి. మోటారు చప్పుడుకి పక్కవాళ్ళు ఏమీ అనుకోరు, చాలా చోట్ల నిశ్శబ్దం పాటించే టైము పదింటికే మొదలవుతుంది గానీ ఇది అర నిమిషం పని.

ఫ్యూజుబాబాయ్ | రాత్రి 10.14

పచ్చ లైటు గ్యాస్ డిటెక్టర్ది. ప్రొపేన్ గాలికంటే బరువు, లీకైతే కిందికి దిగుతుంది, అందుకే నేల దగ్గర పెడతారు. పచ్చగా ఉంటే బాగున్నట్టు. అది గట్టిగా అరిస్తే ఏ స్విచ్చూ ముట్టుకోకుండా అందరూ బయటికి రావాలి, వాల్వు బయటినుంచే కట్టాలి. కార్బన్ మోనాక్సైడ్‌ది వేరే ఉంటుంది, పడక దగ్గర చూడండి. రెండింటికీ టెస్ట్ బటన్ ఉంటుంది. ఇప్పుడు నొక్కకండి, పిల్లలు లేస్తారు.

ఇల్లుచక్రాలమీద | రాత్రి 10.20

చుట్టేశాం. ఆఖరి ప్రశ్న. రేపు బయల్దేరేముందు నల్ల ట్యాంకు ఖాళీ చేసుకుని వెళ్ళాలా? మా ఆయన ఇప్పటినుంచే గ్లవ్స్ వెతుక్కుంటున్నారు.

వెన్నెలక్యాంపు | రాత్రి 10.26

ఒక్క రాత్రికి వద్దు. ట్యాంకు మూడింట రెండు వంతులైనా నిండాకే తెరవాలి, అప్పుడే ఆ ఊపుకి అన్నీ కొట్టుకుపోతాయి. పై క్యాంప్‌గ్రౌండ్‌లో డంప్ స్టేషన్ (మురుగు ట్యాంకులు ఖాళీ చేసే చోటు) ఉందో లేదో మాత్రం పొద్దున ఆఫీసులో కనుక్కోండి. తెరిచే రోజు ముందు నల్లది, తర్వాత స్నానం నీళ్ళది. రెండో నీళ్ళతో పైపు కూడా కడిగినట్టవుతుంది. గ్లవ్స్ బయటి అరలో, మురుగు పైపు పక్కనే ఉంటాయి.